మా అమ్మ గురించి రాసింది నేను కొనుక్కోవాలా?

నిన్న సాయంత్రం తార్నాకలో చాయ్ తాగుతుంటే ఒక తమ్ముడు ఫోన్ చూపించాడు. పారిశుధ్య కార్మిక స్త్రీల మీద వ్యాసం. సారాంశం కనిపిస్తోంది, మిగతాది చదవాలంటే డాలర్లు కట్టాలి. వాళ్లమ్మ తెల్లారకముందే రోడ్లు ఊడుస్తుంది. "అన్నా, మా అమ్మ గురించి రాసింది నేను కొనుక్కోవాలా?" అన్నాడు.

పక్కనే ఉస్మానియా. అక్కడ చేరి ఉంటే ఈ తిప్పలు చాలావరకు తప్పేవి. 2024 నవంబర్‌లో కేంద్రం 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్'కు మూడేళ్లకు 6,000 కోట్లు ఇచ్చింది. 30 ప్రచురణ సంస్థలు, దాదాపు 13,000 జర్నళ్లు. కానీ ప్రభుత్వ సంస్థలకే. ప్రైవేటు కాలేజీలో పీజీ చదివే వాడూ, అలాంటి చోటే పాఠాలు చెప్పే నేనూ ఆ 'వన్ నేషన్'లో లేము. నా క్లాసులో ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదివేవాళ్లే ఎక్కువ. నాకు ఊరి బావి గుర్తొస్తే తప్పు నాది కాదు.

పైగా ఆ 13,000లో 'నలుపు' లేదు. బొజ్జా తారకం సంపాదకత్వంలో వచ్చిన ఆ పత్రిక పాత సంచికల కోసం పీహెచ్‌డీ రోజుల్లో ఇల్లిల్లూ తిరిగాను. కొన్ని అటకల మీద దొరికాయి, కొన్ని చెదలు తినేశాయి.

అనుబంధ ప్రైవేటు కాలేజీలకూ లాగిన్ ఇమ్మని గట్టిగా అడగాలి. ఈలోగా శోధ్‌గంగలో సిద్ధాంత గ్రంథాలు ఉచితంగా చదవొచ్చు. వ్యాసకర్తకే మెయిల్ పెట్టండి, మొహమాటపడొద్దు. తమ్ముడి మెయిల్‌కు రాత్రే జవాబొచ్చింది, వ్యాసంతో సహా.