చల్లదనం ఉన్నంత కాలమే చూపు

2024 అక్టోబరులో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా ఒక కొత్త ఖగోళ యాత్ర కోసం రెండు ప్రతిపాదనలను ఎంపిక చేసింది. ఒకటి ఎక్స్‌ కిరణాలను పరిశీలించే 'యాక్సిస్', మరొకటి దూర పరారుణ కిరణాలను పరిశీలించే 'ప్రైమా'. వీటిలో ఒక్కదానినే 2032లో ప్రయోగించాలన్నది నాటి ప్రణాళిక. ప్రైమా ప్రతిపాదన వెనుక పదేళ్లకు పైబడిన ఒక లోటు ఉన్నది.

నక్షత్రాలకు పుట్టినిళ్లయిన ధూళి మేఘాల ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 250 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో ఉంటుంది. అంత చల్లని పదార్థం కంటికి కనిపించే కాంతిని వెదజల్లదు. అది వెలువరించేది ప్రధానంగా 100 మైక్రాన్లు, ఆపై తరంగదైర్ఘ్యం గల పరారుణ కిరణాలనే. వాటిని భూవాతావరణంలోని నీటి ఆవిరి పీల్చివేస్తుంది. కనుక దూరదర్శినిని అంతరిక్షానికి పంపక తప్పదు. అయినా చిక్కు తీరదు. దూరదర్శినే వెచ్చగా ఉంటే దాని సొంత వేడిమి ఆ మసక వెలుగును కప్పివేస్తుంది. అది పట్టపగలు చుక్కలను వెదకడం వంటిదే.

ఈ చల్లదనాన్ని చాలాకాలం ద్రవ హీలియం సమకూర్చింది. 1983లో పంపిన ఐరాస్ హీలియం పది నెలలకే నిండుకున్నది. 2003లో ఎగిరిన స్పిట్జర్ హీలియం 2009 మే నెలలో తరిగిపోగా, ఆపై అది 2020 వరకు పొట్టి తరంగాలను మాత్రమే చూడగలిగింది. 3.5 మీటర్ల అద్దంతో 2009లో వెళ్లిన ఐరోపా వారి హెర్షెల్, టీడబ్ల్యూ హైడ్రే అనే యువ నక్షత్రం చుట్టూ చల్లని నీటి ఆవిరిని కనుగొన్నది. 2013 ఏప్రిల్ 29న హీలియం అయిపోవడంతో దాని పరిశీలనలు ముగిశాయి.

2021లో ప్రయోగించిన జేమ్స్ వెబ్ ఉండగా మరొకటి దేనికన్న ప్రశ్న సహజం. వెబ్ అద్దం 6.5 మీటర్లదే అయినా, దాని చూపు సుమారు 28 మైక్రాన్ల వద్ద ఆగిపోతుంది. ఆ లోటు పూరించదలచిన ఐరోపా, జపానుల స్పైకా ప్రతిపాదన 2020లో రద్దయింది. విమానంలో అమర్చిన సోఫియా దూరదర్శిని 2022లో విరమించింది.

వెబ్‌లోని ఒక పరికరాన్ని తరిగిపోని హీలియం వాయువుతో నడిచే శీతల యంత్రం చల్లబరుస్తున్నది. ప్రైమా ప్రతిపాదన కూడా ఇటువంటి యంత్రాలనే నమ్ముకున్నది. దాని అద్దం 1.8 మీటర్లదే. అయితే హెర్షెల్ అద్దం సున్నాకు దిగువన 190 డిగ్రీల దరిదాపుల్లో ఉండగా, దీనిని 268 డిగ్రీల దిగువకు చల్లబరచాలన్నది సంకల్పం. ఇక్కడ అద్దం వైశాల్యం కన్నా చల్లదనానికే విలువ ఎక్కువ.

ఎక్స్‌ కిరణాల శాస్త్రానికీ తనదైన అవసరం ఉన్నది. కానీ గ్రహాలకు నీరు ఎలా చేరిందన్న ప్రశ్నకు జవాబు చాలావరకు చల్లని ధూళిలోనే దాగి ఉన్నది. ఆ కిటికీ మూసి ఉన్నన్నాళ్లూ ఆ జవాబు అసంపూర్ణంగానే మిగులుతుంది.