గుడారం కొనేముందు ఒక్క మాట

జిల్లా స్కౌట్స్ అండ్ గైడ్స్ కమిషనర్ గారికి,

పోయిన డిసెంబరులో అరకు క్యాంపుకి మా బడి పిల్లల్ని తీసుకెళ్లాను. మాకిచ్చిన గుడారాలు కొత్తవే, రంగులు మెరిసిపోతున్నాయి. తెల్లారేసరికి లోపల వాన పడ్డట్టే ఉంది. బయట చుక్క లేదు! ఒంటిపొర నైలాను, గాలాడే దారి లేదు. ఎనిమిది మంది పిల్లల ఊపిరి చల్లటి బట్టకి తగిలి నీరై వాళ్ల మీదే కారింది.

కింద పల్చటి పట్టా ఒక్కటే. దుప్పటి ఎంత మందంగా కప్పినా ఒంట్లో వేడిని నేల లాగేస్తుంది. రెండో రాత్రి ఓ రైతునడిగి వరిగడ్డి తెచ్చి, జానెడు మందాన పరిచి, పైన పట్టా వేశాం. పొద్దున పిల్లల్ని లేపడమే కష్టమైంది.

ఈసారి రెండు పొరల గుడారాలు, పైన గాలి కంతలున్నవి కొనండి. నూలు కాన్వాసైనా సరే. బరువే గానీ గాలాడుతుంది. 1907లో బ్రౌన్‌సీ దీవిలో బేడెన్ పావెల్ తొలి స్కౌట్ క్యాంపు నడిపింది కాన్వాసు గుడారాల్లోనే. మేకులు గట్టి ఇనుపవి కావాలి, మొన్నటివి రాతినేలలో కొక్కేల్లా వంగిపోయాయి. వాడాక ఎండలో ఆరబెట్టి చుట్టమని అన్ని బళ్లకీ చెప్పించండి, తడిగా మడిచినవి బూజు పట్టేస్తున్నాయి.

కొనుగోలు కమిటీలో గుడారంలో ఒక్క రాత్రయినా పడుకున్నవారు ఉన్నారా? కొనకుండానే నవంబరు దాటితే మాత్రం ఈసారి క్యాంపుకీ మళ్లీ ఆ గుడారాలే మోసుకెళ్లాలి.

ఇట్లు,
ఒక స్కౌట్ మాస్టర్