చప్పుడు ఆగితే సరిపోదు

ఆదోని, ఎమ్మిగనూరు రోడ్ల మీద తిరిగే పాత కార్లలో ముందు చక్రాల దగ్గర టకటకమని శబ్దం వస్తే మన దగ్గర రెండే మాటలు వినిపిస్తాయి. బండి పాతది, అది మామూలే అనేది ఒకటి. ఏదో ఒకటి చేసి ఆ చప్పుడు ఆపు అని మెకానిక్‌కు చెప్పేది రెండోది. మొదటిది నిర్లక్ష్యమని ఎవరైనా ఒప్పుకుంటారు. నాకు ఎక్కువ అభ్యంతరం రెండోదాని మీదే. చప్పుడు ఆగిందా లేదా అన్నదే రిపేరుకు కొలత అయినంత కాలం షెడ్డులో జరిగేది సగం పనే. కారు అడుగుభాగాన్ని ముందు చక్రంతో కలిపే లోయర్ ఆర్మ్‌నూ దాని బుష్‌లనూ పెట్టింది చక్రాన్ని దాని చోట నిలబెట్టడానికి. చప్పుడు పోయి కూడా చక్రం ఆ చోట నిలవకపోవచ్చు.

బుష్ అంటే రెండు ఇనుప గొట్టాల మధ్య అతికించిన రబ్బరు. బయటి గొట్టం ఆర్మ్‌లో బిగుసుకుని ఉంటుంది. లోపలి గొట్టాన్ని బోల్టు కారు అడుగుభాగానికి కదలకుండా పట్టేస్తుంది. చక్రం గుంతలో దిగి లేచిన ప్రతిసారీ మధ్యలో రబ్బరు కొంచెం మెలితిరిగి మళ్లీ మామూలు స్థితికి వస్తుంది. అక్కడ జారుడు లేదు, రాపిడి లేదు, కాబట్టి కందెనతో పనే లేదు. ఎడ్లబండి ఇరుసుకు తరతరాలుగా కందెన రాసిన చేతులు మనవి. ఆ మంచి అలవాటే ఇక్కడ చెరుపు చేస్తోంది. కిర్రుమంటున్న బుష్ మీద పాత ఇంజనాయిల్ పోస్తే ఆ పూటకు శబ్దం తగ్గుతుంది. రబ్బరు మాత్రం ఆ నూనె పీల్చి ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, ఇనుముతో ఉన్న అతుకు వదిలేస్తుంది. ఆ తరువాత బ్రేకు తొక్కినప్పుడల్లా చక్రం కాస్త వెనక్కి జరుగుతుంది, స్టీరింగు తిప్పకపోయినా దాని దిశ మారుతుంది, కారు ఒక పక్కకు లాగుతుంది. కొత్త టైరు కూడా ఒక అంచున త్వరగా అరిగిపోతుంది. పడుగు వదులైతే నేసిన బట్ట ఎలా ఉంటుందో ఎమ్మిగనూరులో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆర్మ్ చివర ఉండే బాల్ జాయింట్ సంగతి ఇంకా తీవ్రం. అది అరిగి అరిగి ఊడిపోయిందంటే చక్రం పక్కకు వాలిపోతుంది. అప్పుడు స్టీరింగు చేతిలో ఉన్నా లేనట్టే.

రోడ్లు సరిగ్గా వేస్తే ఈ రిపేరు ఖర్చంతా ఎందుకని అడిగేవాళ్లున్నారు. అడగాల్సిందే. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. అలాంటి నేల మీద తగిన పునాది లేకుండా పోసిన తారు అలలు తేలుతుంది. దాని మీద పత్తి సీజన్‌లో ఆదోని మార్కెట్ యార్డుకూ జిన్నింగ్ మిల్లులకూ వచ్చే బరువైన బండ్లు తిరుగుతాయి. ఈ విషయంలో ప్రభుత్వాన్ని నిలదీయడం న్యాయమే. అయితే రోడ్డు బాగుపడేదాకా చీలిన రబ్బరు ఆగదు. ఇంకో మాట కూడా ఉంది. గుంతల రోడ్డు మీద మనం నెమ్మదిగా పోతాం. రోడ్డు నున్నగా ఉన్నచోటే వేగం పెరుగుతుంది, వదులైన ఆర్మ్ ప్రాణం మీదికి తెచ్చేదీ అక్కడే. గురువారం మంత్రాలయం వెళ్లే కార్లను చూడండి. దాదాపు 650 కిలోల బరువుండే మారుతి 800లో ఐదుగురు పెద్దవాళ్లు కూర్చుంటే బండి బరువులో సగం అదనంగా ఎక్కినట్టు. ఆ బరువుతో బ్రేకు వేసినప్పుడు భారమంతా ముందుకే తూగుతుంది.

ఇంత ఖర్చు పెట్టేకంటే పాత బండి అమ్మేయడం మేలనేది గట్టి వాదన. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయను. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. ఆపైన తనిఖీ చేయించి ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. 600 రూపాయలున్న ఆ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. అయినా చిన్న వ్యాపారికో, కౌలు రైతుకో ఇంట్లో జబ్బుపడిన మనిషిని రాత్రిపూట కర్నూలు తీసుకెళ్లడానికి ఆ పాత కారే దిక్కు. అమ్మినా ఆ బండి రోడ్డు దిగిపోదు, అదే చీలిన బుష్‌తో ఇంకో ఇంటికి చేరుతుంది. కాబట్టి బండి ఎవరి దగ్గరున్నా ఆ రిపేరు తప్పదు. చట్టం ఐదేళ్లకోసారి చూస్తే చూడనీయండి. మన ఎండకూ మన దుమ్ముకూ రబ్బరును ఏడాదికోసారి, వానలు వెనకబట్టాక చూడాలి.

ఖర్చుకు భయపడి సగం పని చేయిస్తేనే అసలు నష్టం. ఎడమ పక్క చప్పుడు వస్తే ఎడమది ఒక్కటే మారుస్తారు. కుడిదీ అన్నే కిలోమీటర్లు తిరిగింది, దాని రబ్బరూ అంతే ముసలిది. ఆర్మ్ వంగకుండా, తుప్పు పట్టకుండా, బాల్ జాయింట్ గట్టిగా ఉంటే బుష్‌లు మాత్రం మారిస్తే చాలు, అది పిసినారితనం కాదు. కానీ ఆ పని ప్రెస్ మీద జరగాలి. సుత్తితో దిగ్గొడితే కొత్త బుష్ పుట్టుకతోనే దెబ్బతింటుంది. 800లో ఇంకో మెలిక ఉంది. ముందు చక్రం ముందుకూ వెనక్కూ జరగకుండా పట్టేది స్టెబిలైజర్ బార్. ఆ బార్ బుష్‌లు వదిలేసి ఆర్మ్ ఒక్కటే మారిస్తే బండి పక్కకు లాగడం అలాగే ఉంటుంది, తప్పు కొత్త సామాను మీద పడుతుంది. మన షెడ్లలో అన్నిటికంటే ఎక్కువగా తప్పిపోయేది ఆఖరి బిగింపు. జాకీ మీద చక్రాలు వేలాడుతుండగానే బుష్ బోల్టు బిగించేస్తారు. బండి కిందికి దిగగానే రబ్బరు మెలిపడి, రోడ్డు మీద నడిచినంతసేపూ ఆ మెలిలోనే ఉండిపోతుంది. అలా బిగించిన బుష్ మంచి కంపెనీదైనా తొందరగా చీలుతుంది. అప్పుడు మనం కంపెనీని తిడతాం, రోడ్డును తిడతాం.

ఈసారి కారు షెడ్డుకు ఇచ్చేటప్పుడు చప్పుడు ఆపమని మాత్రమే చెప్పకండి. రెండు పక్కలా చూడమనండి, తీసిన బుష్ చేతికిచ్చి చూపించమనండి, బరువు చక్రాల మీద పడ్డాకే బోల్టు బిగించమనండి. అక్కణ్నుంచి నేరుగా వీల్ అలైన్‌మెంట్‌కు పొండి.