పేరు సాక్ష్యం కాదు

మలుపుల కథలో ఒక పాత్ర అంతరంగాన్ని పసిగట్టడమెలా? 2012లో సుజయ్ ఘోష్ తీసిన హిందీ చిత్రం 'కహానీ' ఇందుకు మంచి పాఠం. 2014లో శేఖర్ కమ్ముల దానిని 'అనామిక'గా తెలుగులోకి తెచ్చారు.

హిందీ కథలో, తప్పిపోయిన భర్తను వెతుకుతూ కలకత్తా చేరిన గర్భవతిపై మనకు జాలి కలుగుతుంది. నిఘా అధికారి ఖాన్ కరుకుతనం అనుమానం రేపుతుంది. చివరకు తేలేది వేరు. ఆమె గర్భం నటన, వచ్చింది ప్రతీకారానికి. ఖాన్ ఆమెను ఎరగా వాడుకున్న మాట నిజమే కాని, ద్రోహి అతడు కాదు, అతని పై అధికారి.

చూపును, గొంతును, పేరును కాక, ఎవరు ఏమి చేశారు, ఎవరికి మేలు కలిగింది అని అడిగిన ప్రేక్షకుడే సత్యానికి దగ్గరవుతాడు.

తెరపై పొరపాటు రెండు గంటల్లో తీరిపోతుంది. జీవితంలో తీరదు. 2007 మే 18న హైదరాబాదు మక్కా మసీదులో బాంబు పేలిన తరువాత అనుమానంతో నిర్బంధించిన ముస్లిం యువకులలో పలువురు నిర్దోషులుగా బయటపడ్డారు. అప్పటికే వారి చదువులు, ఉపాధి చెదిరిపోయాయి.

2008 అక్టోబరు నాటి భైంసా, వటోలి విషాదాన్ని ఎరిగిన బాసర ప్రాంత కుటుంబాలకు ఇది కేవలం సినిమా ముచ్చట కాదు. మన బిడ్డలకు ఈ ప్రశ్నలు నేర్పుదాం. పొరుగువారి ఉద్దేశాన్ని తూచేటప్పుడు మనమూ ఇదే తక్కెడ పట్టుకుందాం. అప్పుడే మనకు న్యాయం అడిగే హక్కు బలపడుతుంది.