మూసిన తలుపు, తట్టే అర్హత

జంషెడ్‌పూర్ నగరంలోని బారిడీహ్ పేటలో ఒక వీధి మురుగు కాలువ ఏళ్ల తరబడి పూడిపోయి ఉన్నదనుకుందాం. దానిని బాగు చేయించవలసిన కమిటీ సమావేశమై, అందుకు ఉద్దేశించిన సొమ్మును వేరొక పనికి కేటాయించింది. సమావేశం జరిగిన గది తలుపులు మూసి ఉన్నాయి. ఆ వీధివాసి ఒకరు కార్యాలయానికి వెళ్లి, ఏ కారణంతో అలా నిర్ణయించారని అడిగారు. "అడగడానికి మీరెవరు?" అని ఎదురు ప్రశ్న వచ్చింది.

నిజానికి ఇక్కడ ఉన్నవి రెండు ప్రశ్నలు. ప్రభుత్వ కమిటీ సమావేశంలో ఏమి జరిగిందో తెలుసుకునే హక్కు పౌరునికి ఉన్నదా అన్నది మొదటిది. ఆ హక్కును నిరాకరిస్తే న్యాయస్థానానికి వెళ్లే అర్హత ఎవరికి ఉన్నదన్నది రెండవది. ఈ రెండవదానినే న్యాయవాదులు 'లోకస్ స్టాండై' అంటారు. హక్కు ఎంత గొప్పదైనా, దానికోసం కోర్టు మెట్లెక్కే అర్హత లేకపోతే అది కాగితం మీది అక్షరమే.

పూర్వం ఈ అర్హత చాలా ఇరుకైనది. ఎవరి ఆస్తికి, ఎవరి శరీరానికి నష్టం కలిగిందో వారే ఫిర్యాదు చేయాలి. ఊరందరికీ కలిగిన నష్టం ఎవరి ఒక్కరిదీ కాదు గనుక, దాని గురించి అడిగేవారే ఉండేవారు కారు. ఈ ఇరుకును సడలించిన తీర్పులలో ఒకటి జంషెడ్‌పూర్ వలెనే నేటి జార్ఖండ్‌లో ఉన్న సింద్రీ నుండి వచ్చింది. అక్కడి ఎరువుల కర్మాగారంలోని యంత్రాలను అమ్మివేయడాన్ని కార్మికులు సుప్రీంకోర్టులో సవాలు చేశారు. కర్మాగారం ప్రభుత్వరంగ సంస్థది. అమ్మకంతో కార్మికులకేమి పని అన్నది ఎదుటి పక్షం వాదం. 1980 నవంబరులో తీర్పు వెలువడింది. కార్మికులు కేసు ఓడిపోయారు. అయితే ఆ తీర్పులోనే జస్టిస్ కృష్ణయ్యర్, ప్రజాధనం విషయంలో నిజమైన ఆసక్తి గలవారిని గుమ్మం వద్దనే తిప్పి పంపరాదన్న అభిప్రాయాన్ని బలంగా వెలిబుచ్చారు.

మరుసటి సంవత్సరం, 1981 డిసెంబరులో, ఎస్.పి. గుప్తా కేసు తీర్పు వచ్చింది. మన రెండు ప్రశ్నలూ ఆ ఒక్క తీర్పులోనే కలుసుకున్నాయి. ప్రజలకు అన్యాయం జరిగినప్పుడు సద్భావంతో వ్యవహరించే ఏ పౌరుడైనా కోర్టును ఆశ్రయించవచ్చునని జస్టిస్ భగవతి అన్నారు. ప్రభుత్వం ఏమి చేస్తున్నదో తెలుసుకునే హక్కు వాక్స్వాతంత్ర్యంలో, అంటే రాజ్యాంగం 19(1)(ఎ) అధికరణంలో, అంతర్భాగమని కూడా చెప్పారు. న్యాయమూర్తుల నియామకానికి సంబంధించిన ఉత్తర ప్రత్యుత్తరాలు రహస్యమన్న ప్రభుత్వ వాదాన్ని తోసిపుచ్చి, వాటిని బయటపెట్టించారు. అయితే ప్రచారం కోసమో, కక్షతోనో వచ్చేవారికి ఈ ద్వారం తెరవబడదని హెచ్చరించడం కూడా మరువలేదు.

సమావేశ మందిరంలో కూర్చుని వినే హక్కు మాత్రం వేరు. ఇంగ్లండులో 1960లో దీనికొక చట్టం వచ్చింది. దానిని పార్లమెంటులో ప్రతిపాదించినది అప్పటికి కొత్త సభ్యురాలైన మార్గరెట్ థాచర్. అమెరికా 1976లో కేంద్ర సంస్థల బోర్డు సమావేశాలు బహిరంగంగా జరగాలని శాసించి, దానిని ఉల్లంఘిస్తే 'ఏ వ్యక్తి అయినా' దావా వేయవచ్చునని అందులోనే రాసింది. అర్హత గురించిన తగవుకు ముందే సమాధానం చెప్పిందన్నమాట. అన్ని బోర్డులకూ వర్తించే అటువంటి చట్టం మన దేశంలో లేదు.

మనకున్నది 2005 నాటి సమాచార హక్కు చట్టం. ఇది లోపల కూర్చోనివ్వదు గాని, లోపల రాసుకున్నదాన్ని చూడనిస్తుంది. దరఖాస్తుదారు కారణం చెప్పనక్కరలేదని 6(2) సెక్షన్ స్పష్టం చేసింది. కనుక "అడగడానికి మీరెవరు?" అన్న ప్రశ్నకు "భారత పౌరుణ్ణి" అన్నది చాలినంత సమాధానం. అంతగా ప్రచారంలో లేని నిబంధన మరొకటి ఉన్నది. ప్రతి ప్రభుత్వ సంస్థా తన బోర్డులు, కమిటీల వివరాలను, వాటి సమావేశాలకు ప్రజలు రావచ్చునా, వాటి మినిట్స్ ప్రజలకు లభిస్తాయా అన్న సంగతిని, ఎవరూ అడగకుండానే ప్రకటించాలని 4(1)(బి) సెక్షన్ ఎనిమిదవ అంశం ఆదేశిస్తున్నది.

రహస్యమంతా తప్పు కాదు. టెండర్లు తెరవకముందే ధరలు బయటపడితే నష్టపోయేది ప్రజలే. వ్యాపార రహస్యాలకు, వ్యక్తిగత వివరాలకు 8వ సెక్షన్ కొంత రక్షణ ఇచ్చింది. కాని ఒక పేరా దాచవలసి ఉన్నదని పత్రమంతా దాచరాదు. దాచవలసినది తొలగించి మిగిలినది ఇవ్వాలని 10వ సెక్షన్ చెబుతున్నది.

ఈ విషయం జంషెడ్‌పూర్‌కు మరింత ముఖ్యం. ఉక్కు కర్మాగారం చుట్టూ పెరిగిన ఈ నగరానికి బతుకుతెరువు కోసం వచ్చి స్థిరపడినవారిలో తెలుగు కుటుంబాలూ ఎన్నో. అన్ని పట్టణాలలోవలె ఇక్కడ ప్రజలు ఎన్నుకున్న పురపాలక సంఘం ఏర్పడలేదు. పౌరసేవలు నోటిఫైడ్ ఏరియా కమిటీ, ఉక్కు కంపెనీ అనుబంధ సంస్థల ద్వారా సాగుతూ వచ్చాయి. ఎన్నికైన పురపాలక సంఘం కావాలని కోరుతూ జవహర్‌లాల్ శర్మ అనే పౌరుడు 1988లోనే సుప్రీంకోర్టుకు వెళ్లగలిగారంటే, అది విశాలమైన అర్హతా సూత్రం ఫలితమే. 2023 డిసెంబరులో జార్ఖండ్ ప్రభుత్వం జంషెడ్‌పూర్‌ను పారిశ్రామిక పట్టణంగా ప్రకటించింది. రాజ్యాంగం 243క్యూ అధికరణం అందుకు వీలు కల్పిస్తున్నది.

కౌన్సిలరు పని నచ్చకపోతే ఓటరు అయిదేళ్లకొకసారి తీర్పు చెప్పగలడు. కౌన్సిలరే లేని చోట ఆ తీర్పుకు తావు లేదు. అక్కడ సమావేశపు మినిట్స్ చదవగలగడమే పౌరునికి మిగిలిన ముఖ్య సాధనం.

ఇక్కడ ఒక భేదం గమనించాలి. నోటిఫైడ్ ఏరియా కమిటీ ప్రభుత్వం నియమించినది గనుక చట్టం పరిధిలోకి వస్తుంది. ప్రైవేటు కంపెనీ డైరెక్టర్ల బోర్డు అలా రాదు. ప్రభుత్వ యాజమాన్యమో, గణనీయమైన అదుపో, ఆర్థిక సహాయమో ఉన్నదని నిరూపించాలి. పేరుకు మాత్రమే ఉన్న పర్యవేక్షణ చాలదని 2013లో తలప్పాలం సహకార బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అయినా, ఒక ప్రభుత్వ సంస్థ వేరే చట్టం కింద ఆ కంపెనీ నుండి రాబట్టగల సమాచారాన్ని, ఆ ప్రభుత్వ సంస్థ ద్వారా పౌరుడు కోరవచ్చును.

కనుక బారిడీహ్ వీధివాసి చేయవలసినది ఇది. ఫలానా తేదీ సమావేశపు ఎజెండా, మినిట్స్, ఆ నిర్ణయానికి ఆధారమైన నివేదికల నకళ్లు కావాలని లిఖితపూర్వకంగా అడగాలి. "ఎందుకు చేశారు?" అని అడిగితే జవాబు దాటవేయడం సులభం; పత్రం పేరు చెప్పి అడిగితే కష్టం. ముప్పై రోజులలో సమాధానం రాకపోతే పై అధికారికి మొదటి అప్పీలు, ఆ తరువాత రాష్ట్ర సమాచార కమిషనుకు రెండవ అప్పీలు చేసుకోవాలి. అక్కడా న్యాయం జరగకపోతే 226వ అధికరణం కింద హైకోర్టు ఉన్నది.

కాలువ కోసం వేరే దారి కూడా ఉన్నది. రత్లాం పట్టణవాసులు తమ మురుగు కాలువల కోసం మేజిస్ట్రేటును ఆశ్రయించగా, నిధులు లేవన్న సాకు చెల్లదని 1980లో సుప్రీంకోర్టు పురపాలక సంఘానికి చెప్పింది. వారు వాడుకున్న క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 133వ సెక్షన్ నేడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 152వ సెక్షనుగా ఉన్నది.

తలుపు మూసి మాట్లాడుకోవడానికి అధికారులకు కొన్నిసార్లు న్యాయమైన కారణం ఉండవచ్చు. ఆ కారణమేమిటో అడిగే అర్హత మాత్రం ఆ వీధిలో నివసించే ప్రతి పౌరునికీ ఉన్నది.