పోకర్‌లో గెలిచే లెక్క వేరు, టేబుల్ నడిపేవాడి లెక్క వేరు

ఉర్లా (రాయ్‌పూర్): డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ పార్లమెంటు 2025 ఆగస్టులో చట్టం చేసింది. నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా ఇక లేదంది. అయినా ఈ ఉక్కు మిల్లుల పేటలో పని చేసుకునే తెలుగు కుర్రాళ్ళు ఆ చట్టం గురించి పెద్దగా అడగరు. వాళ్ళు అడిగేది ఒకటే: ‘అన్నా, పోకర్‌లో గెలవడానికి నిజంగా పద్ధతంటూ ఉందా?’

ఉంది. లేదని చెప్పడం అబద్ధమవుతుంది. అబద్ధం చెబితే ఆ తర్వాత చెప్పే హెచ్చరికను ఎవరూ నమ్మరు.

పోకర్‌లో ఎక్కువమంది ఆడే రకంలో ఒక్కొక్కరికి రెండు ముక్కలు పడతాయి, అందరికీ కలిపి టేబుల్ మీద అయిదు పరుస్తారు. చేతికొచ్చే ఆ రెండు ముక్కలు 1,326 రకాలుగా రావచ్చు. అందులో రెండు ఆసులు వచ్చేవి ఆరే, అంటే 221 ఆటలకు ఒకసారి. కాబట్టి మొదటి సూత్రం ఓపిక. రమ్మీ ఆడేవాళ్ళకు ఇది కొత్త కాదు. 201 ఆటలో ముక్కలు బాగోకపోతే 25 పాయింట్లకు డ్రాప్ చెప్పి తప్పుకుంటాం తప్ప 80 ఫుల్ కౌంట్ దాకా కూర్చోం. పోకర్‌లో బాగా ఆడేవాడు ఎక్కువ ఆటల్లో ముక్కలు పడేసే కూర్చుంటాడు. చూసేవాళ్ళకు విసుగ్గా ఉంటుంది.

రెండోది వంతు. అందరి తర్వాత మాట్లాడేవాడికి మిగతావాళ్ళ ధైర్యం, బెదురు ముందే తెలిసిపోతాయి. అవే ముక్కలు మొదటి వంతువాడి చేతిలో కంటే చివరివాడి చేతిలో ఎక్కువ విలువ చేస్తాయి.

అసలు కీలకం మూడోది. మధ్యలో 100 రూపాయలున్నాయి, ఎదుటివాడు 50 కాశాడు అనుకుందాం. మీరు 50 పెడితే గెలిచేది 150. అంటే నాలుగుసార్లలో ఒకసారి గెలిచినా నష్టం లేదు. టేబుల్ మీద మూడు ముక్కలు తెరిచారు, మీవి రెండు కలిపితే నాలుగు ఇస్పేట్లున్నాయి, అయిదోది రావాలి. కనిపించని 47 ముక్కల్లో ఇస్పేట్లు 9. తర్వాతి ముక్కకే వచ్చే అవకాశం 19 శాతం. కావలసింది 25. ఇంకో ముక్క కూడా ఉంది కదా అంటే, రెండిటికీ కలిపి 35 శాతం నిజమే. కానీ రెండో ముక్క చూడటానికి ఎదుటివాడు మళ్ళీ డబ్బు అడగొచ్చు. రంగు కుదిరాక అతని దగ్గర ఇంకా ఎంత రాబట్టగలమన్నదీ చూసుకోవాలి. ఈ కూడికలూ తీసివేతలూ అయ్యాకే బ్లఫ్ మాట. సినిమాల్లో మాత్రం బ్లఫ్ ఒక్కటే కనిపిస్తుంది.

ఇదంతా నేర్చుకున్నాక కూడా ఇంకో లెక్క మిగులుతుంది. ఆరుగురు తలా వెయ్యి తెచ్చుకున్నారనుకోండి, టేబుల్ మీద మొత్తం ఆరు వేలు. ప్రతి ఆటలో సగటున 200 పోగవుతుంది, నిర్వాహకుడు అందులో 5 శాతం, అంటే పది రూపాయలు తీసుకుంటాడు. గంటకు 60 ఆటలైతే 600. కొత్తగా ఎవరూ డబ్బు తేకపోతే పది గంటల్లో ఆరుగురి జేబులూ ఖాళీ. ఒక్క చెయ్యి కూడా ఆడకుండా గెలిచేవాడు నిర్వాహకుడొక్కడే. పక్కవాడి కంటే కాస్త బాగా ఆడితే చాలదు, ఈ కోతను దాటేంత బాగా ఆడాలి. ఆపైన పన్నులు. 2023 అక్టోబరు నుంచి ఆన్‌లైన్ ఆటల్లో జమ చేసే సొమ్ము మీద 28 శాతం జీఎస్టీ పడింది. నికర గెలుపు మీద 30 శాతం టీడీఎస్ అప్పటికే ఉంది.

ఈ కోత సంగతిని మన దగ్గరి కేసులోనే సుప్రీంకోర్టు పట్టుకుంది. సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద 1963లో జరిగిన పోలీసు దాడి, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వర్సెస్ కె.సత్యనారాయణ కేసుగా 1967లో తీర్పుకొచ్చింది. పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారేయాలో తెలియాలి కాబట్టి రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆట అంది కోర్టు. మూడు ముక్కలాట పూర్తిగా అదృష్టమంది. ఈ సగం తీర్పే అరవై ఏళ్ళుగా అందరూ వల్లిస్తున్నారు. క్లబ్బో ఇంటి యజమానో ఆ ఆట మీద లాభం చేసుకుంటున్నట్టు సాక్ష్యముంటే నేరం కావచ్చని కూడా అదే తీర్పులో ఉంది. ఆ సగం మాత్రం రమ్మీ యాప్‌ల ప్రకటనల్లో ఎక్కడా కనిపించలేదు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలు సవరించి ఆన్‌లైన్ రమ్మీని ఆపాయి. పోకర్ మీద హైకోర్టులు చెరో దారి పట్టాయి. 2017లో గుజరాత్ హైకోర్టు దాన్ని జూదమంటే, 2023లో మద్రాసు హైకోర్టు నైపుణ్యమంది.

ఛత్తీస్‌గఢ్‌లో ఆ చర్చకు అర్థమే లేకుండా పోయింది. ఇక్కడికి దగ్గర్లోని భిలాయ్‌వాళ్ళు దుబాయ్ నుంచి నడిపారని ఈడీ చెబుతున్న మహాదేవ్ యాప్‌లో క్రికెట్ పందేలతో పాటు పోకర్, పేకాటలు కూడా ఉండేవి. 70-30 లాభాల పంపకంతో ప్యానెళ్ళు ఇచ్చారని, మొత్తం మీద ప్యానెల్ యజమానికి నష్టం రాకుండా ఆటలను ముందే అమర్చారని ఈడీ ఆరోపణ. కేంద్రం 2023 నవంబరులో దాన్ని నిలిపివేసింది. ఆ ఆరోపణే నిజమైతే, ముక్కలు పంచేవాడే ముక్కలు మార్చే చోట 19 శాతానికీ 35 శాతానికీ తేడా ఏముంటుంది?

కొత్త చట్టం ఆడేవాడిని శిక్షించదు. ఆడించేవాడికి మూడేళ్ళ దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రకటన ఇచ్చేవాడికి రెండేళ్ళు, 50 లక్షలు. గురి సరైనదే అనిపిస్తుంది. పేరున్న పోకర్ కంపెనీలు డబ్బు ఆటలు ఆపేశాయి కూడా. భయమల్లా, చట్టానికి జడిసేవాడు తప్పుకున్న చోటికి మహాదేవ్ తరహా వాళ్ళు వస్తారేమోనని. అక్కడ జీఎస్టీ ఉండదు, ఫిర్యాదు చేయడానికి చిరునామా ఉండదు.

చట్టాన్ని సవాలు చేసిన కంపెనీల పిటిషన్లన్నిటినీ సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరులో తన దగ్గరికి తెప్పించుకుంది. పోకర్‌లో నైపుణ్యం ఉందని రుజువు చేయడం వాళ్ళకు కష్టం కాదు, పైన చెప్పిన లెక్కే చాలు. వాళ్ళను అడగాల్సింది ఇంకొకటి: ఏడాదంతా ఆడినవాళ్ళలో, జమ చేసినదాని కంటే ఎక్కువ వెనక్కి తీసుకున్నవాళ్ళు వందకు ఎంతమంది? ఆ అంకె కంపెనీల కంప్యూటర్లలో పైసాతో సహా ఉంటుంది.