ఆవిడ తగ్గింది, నేను తగ్గలేదేం?

ఏలూరు నుంచి ఒక సోదరి వ్రాసిన ఉత్తరం ఈ వారం శీర్షికనంతా ఆక్రమించుకునేటట్లున్నది. మిగతావారు ఏమీ అనుకోకూడదు. పచ్చళ్ళ గూర్చీ, పిల్లల చదువుల గూర్చీ వచ్చిన ప్రశ్నలు వచ్చేవారం చూద్దాం.

సంగతేమంటే, ఆవిడా, తోడికోడలూ ఒకే యింట్లో వుంటారు. యిద్దరూ ఒకే నెలలో వొళ్ళు తగ్గే సూదిమందు మొదలుపెట్టారు. ఈవిడది సెమగ్లూటైడ్, తోడికోడలుగారిది టిర్జెపటైడ్. నాలుగు నెలలు గడిచేసరికి 96 కిలోలుండే తోడికోడలు 11 కిలోలు తగ్గింది. 78 కిలోలుండే ఈవిడ మూడున్నర కిలోలు తగ్గింది. "దొంగతిళ్ళు తింటుంటే సూదులేం చేస్తాయి?" అని అత్తగారు పక్కింటావిడతో, ఈవిడకు వినబడేటట్లే, అన్నారట. భర్తగారు పైకేమీ అనరు గాని, మందులషాపు బిల్లు చూసి నిట్టూరుస్తారట. "ఏ మందు మంచిది? నేనూ ఆవిడ మందుకు మారనా? ఆవిడకు మోతాదు పెంచారు గనుక పాత పెన్ను ఫ్రిజ్‌లో మిగిలి వున్నది. అది వేసుకుని చూడనా?" అని అడుగుతున్నారు.

సోదరీ, మొదటి ప్రశ్నకు దాపరికం లేకుండా జవాబు చెబుతాను. సగటున టిర్జెపటైడే ఎక్కువ తగ్గిస్తుంది. రెండింటినీ ఎదురెదురుగా నిలబెట్టి చూసిన పరీక్ష ఫలితాలు 2025లో వెలువడ్డాయి. మధుమేహం లేని 751 మంది స్థూలకాయులకు 72 వారాలపాటు యిచ్చి చూస్తే, టిర్జెపటైడ్ పుచ్చుకున్నవారు తమ బరువులో 20.2 శాతం, సెమగ్లూటైడ్ పుచ్చుకున్నవారు 13.7 శాతం తగ్గారు.

నిజానికి రెండూ ఒకే తానులో ముక్కలు. మనం భోజనం చేయగానే పేగుల్లో జి.ఎల్.పి.-1 అనే హార్మోను ఊరి, "యిక చాలు" అని మెదడుకు కబురుపెడుతుంది; కడుపు త్వరగా ఖాళీ కాకుండా చూస్తుంది. ఒంట్లో పుట్టిన ఆ హార్మోను కొద్ది నిమిషాల్లోనే కరిగిపోతుంది. సెమగ్లూటైడ్ దాని వేషం వేసుకుని వారంపాటు నిలబడుతుంది. టిర్జెపటైడేమో జి.ఐ.పి. అనే మరో హార్మోను వేషం కూడా కడుతుంది. ద్విపాత్రాభినయమన్నమాట! (ఈ జాతి మందుల్లో 2005లో మొట్టమొదట వచ్చినదానికి మూలం అమెరికా ఎడారుల్లో తిరిగే ఒక విషపు బల్లి లాలాజలం. ఈ ముక్క అత్తగారి చెవిన వేయకండి.)

అయితే "సగటు" అనే మాట దగ్గర కొంచెం ఆగాలి. తెలుగు పాఠాలు చెప్పుకునేదాన్ని లెక్కల్లో వేలు పెడుతున్నానని మా గణితశాఖవారు నవ్వుతారు కాబోలు. పరీక్ష పేపర్లు దిద్ది సగటు కడితే 52 వస్తుంది. తీరా చూస్తే ఆ తరగతిలో 52 మార్కులు వచ్చిన పిల్ల ఒక్కతీ వుండదు. ఎనభైలవాళ్ళనూ ముప్ఫైలవాళ్ళనూ కలిపి కట్టిన లెక్క అది. మందుల సంగతీ అంతే. 2021లో ప్రకటించిన పరీక్షలో, మధుమేహం లేనివారికి సెమగ్లూటైడ్ 2.4 మిల్లీగ్రాముల చొప్పున 68 వారాలు యిస్తే సగటున 14.9 శాతం తగ్గారు. కాని లోపలికి తొంగిచూస్తే, వందమందిలో 32 మంది తమ బరువులో అయిదోవంతో అంతకన్న ఎక్కువో దింపుకున్నారు. 14 మంది అయిదు శాతమైనా తగ్గలేదు. అదే మందు, అవే ఆహార సలహాలు. టిర్జెపటైడ్‌ను 15 మిల్లీగ్రాముల చొప్పున యిచ్చి చూసిన 2022 పరీక్షలోనూ వందకు తొమ్మిదిమంది అయిదు శాతాన్ని అందుకోలేదు. ఎదురెదురు పోటీలో వెనకబడిన సెమగ్లూటైడ్ పక్షాన మాత్రం, పావువంతు బరువు పోగొట్టుకున్నవాళ్ళు వందకు 16 మంది తేలారు! వాళ్ళతో మీది తక్కువరకం మందు అంటే నవ్విపోరూ?

యిక మీ సంగతి. ముందు కిలోలు వదిలి శాతాల్లోకి రండి. ఆవిడ పదకొండు కిలోలు పదకొండున్నర శాతం. మీ మూడున్నర కిలోలు నాలుగున్నర శాతం. తేడా లేదనను. కాని కిలోల్లో కనపడినంత లేదు.

రెండో సంగతి మీ ఉత్తరంలో మూడో పేజీలో దాక్కున్నది. మీకు ఆరేళ్ళుగా మధుమేహం, రాత్రిపూట ఇన్సులిన్. తోడికోడలికి ఆ గొడవ లేదు. మధుమేహం వున్నవారికి ఈ మందులన్నిటితోనూ బరువు తక్కువే తగ్గుతుంది. అలాంటివారు 1210 మందితో చేసిన పరీక్షలో సెమగ్లూటైడ్ 2.4 మిల్లీగ్రాములకు 9.6 శాతం, ఒక మిల్లీగ్రాముకు 7 శాతం తగ్గారు. అదీ పదహారు నెలలకు. మీకు వాంతుల వల్ల డాక్టరుగారు రెండు నెలలుగా అర మిల్లీగ్రాము దగ్గరే ఆపి వుంచారు. పైగా ఇన్సులిన్‌కు వొళ్ళు పెంచే గుణం వున్నది. ఒకరు ఎత్తు ఎక్కుతూ, ఒకరు పల్లంలో పరుగెత్తితే పందెం ఎవరిదని అడగడమేమిటి?

అత్తగారి మాట గూర్చి ఒక్క ముక్క చెప్పక తప్పదు. గుప్పెడన్నం తింటే కడుపు తిప్పుతున్నదని వ్రాసిన మనిషి దొంగతిళ్ళు ఎక్కడ తింటుంది? మన యిళ్ళల్లో జ్వరం వస్తే జాలిపడతారు. వొళ్ళు వస్తే విచారణ జరుపుతారు. ఎవరి ఒంటికి ఎంత తగ్గుతుందో ముందే చెప్పే పరీక్ష మామూలు వాడుకలో లేదు. డాక్టర్లే వేసి చూసి తెలుసుకుంటున్న విషయానికి పక్కింటివారి ఎదుట తీర్పు చెప్పడం అన్యాయం.

ఇంతకూ మీ ఉత్తరంలో నన్ను ఆపేసినది సంతకం కింద చిన్న అక్షరాలతో వున్న వాక్యం. మూడు నెలల షుగరు పరీక్ష 8.9 నుంచి 7.2కు వచ్చిందట! యిది మొదటి పేజీలో మొదటి వాక్యం కావలసింది. కళ్ళూ, మూత్రపిండాలూ, కాళ్ళ నరాలూ బాగుండాలంటే కావలసిన లాభం అదే. తూకపు యంత్రం దాన్ని చూపించదు. భర్తగారికి బిల్లుతోపాటు ఆ కాగితం కూడా చూపించండి. ఖర్చు భయంతో ఉన్నట్టుండి మానేస్తారేమో, అది వద్దు. పరీక్షలో సెమగ్లూటైడ్ మానేసినవారికి ఏడాది తిరిగేసరికి తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగివచ్చింది. మన దేశంలో ఆ మందు పేటెంటు గడువు 2026 మార్చితో తీరింది గనుక, చవక రకాల మాట డాక్టరుగారినే అడగండి.

మందు మారడం తప్పేమీ కాదు. అయితే అడగవలసిన వరుస ఒకటి వున్నది. వాంతులు సర్దుకున్నాక మోతాదు పెంచే వీలున్నదా? షుగరు దిగింది గనుక ఇన్సులిన్ తగ్గించాలా? తగ్గించకపోతే కళ్ళు తిరిగి పడిపోయే ప్రమాదం వున్నది. షుగరు వేగంగా దిగినప్పుడు కొందరికి కంటిలోపలి జబ్బు ముదురుతుంది గనుక కంటి పరీక్ష ఎప్పుడు? తినే నాలుగు ముద్దల్లో పప్పూ, పెరుగూ, గుడ్డూ ఎంత వుండాలి? కొవ్వుతోపాటు కండ కూడా కరుగుతుంది మరి. అప్పటికీ కదలిక లేకపోతే మార్చమనండి.

యిది చదివి ఉత్సాహపడే మిగతా సోదరీమణులకొక మాట: గర్భిణులూ, గర్భం కోరుకునేవారూ, పాంక్రియాస్ వాచిన చరిత్ర వున్నవారూ, యింట్లో ఎవరికైనా మెడల్లరీ రకం థైరాయిడ్ కాన్సర్ వచ్చినవారూ ఆ సంగతి డాక్టరుగారికి ముందే చెప్పాలి.

పెన్ను మాటకు వద్దాం. ఆవిడ పెన్నుమీద 5 అని వుంటుంది, మీదానిమీద 0.5. శేరు బియ్యమూ శేరు కారమూ ఒకటి కానట్లే ఈ మిల్లీగ్రాములూ ఒకటి కావు. టిర్జెపటైడ్ ఎవరైనా 2.5తోనే మొదలుపెట్టాలి. రెండు మందులూ కలిపి వేసుకోకూడదు. సూది మార్చినా సరే, ఒకరి రక్తపు జాడ పెన్నులోకి వెనక్కు ఎక్కవచ్చు. కామెర్ల జబ్బులు ఆ దారినే వస్తాయి. ఫ్రిజ్‌లో ఆవిడ అరలో వున్నదాన్ని ఆవిడ అరలోనే వుండనివ్వండి.